రాణిగారి కాళ్ల దగ్గర ఒక పేరు

నలభై ఒక్క గాజుపలకలు పాడయ్యాక నలభై రెండోది నిలిచింది. అదే మా కెజాయా ఆట్రిల్ మొదటి గెలుపు. 1861 మార్చి నెల. అప్పటికి దానికి పదిహేనేళ్లు. ఇంగ్లండు పక్కనున్న మా దీవిలో, రైడ్ పట్నంలో యూనియన్ వీధి మేడమీద, హార్డర్ గారి ఫొటో స్టూడియో చీకటిగదిలో, ఎవరూ నేర్పకుండా, గాజు మీద జిగురుమందు ఒక్క చార పడకుండా పోసింది. వెండినీళ్లలో ముంచి, తడి ఆరకముందే కిటికీ దగ్గరికి పరిగెత్తి, వెలుగు చూపించి, బొమ్మ తేల్చింది. ఆ బొమ్మ రాజుదీ కాదు, రాణిదీ కాదు. కింద వీధిలో బండికి కట్టి ఉన్న నా గుర్రం డాలీది. డాలీ తల కదిపింది గనుక దానికి రెండు ముక్కులు వచ్చాయి. పలక మీద మాత్రం చార లేదు. ఆ పలక ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

నేను ఆమె మేనమామను, ఐజక్ చెవర్టన్‌ను. ముప్పై మూడేళ్లుగా మా ఊరు ఆష్‌కూంబ్ నుంచి రైడ్‌కు సామాను బండి తోలుతున్నాను. ఇన్నేళ్లలో రెండే రెండుసార్లు ఆలస్యమయ్యాను, రెండుసార్లూ మంచు వల్లే. చర్చి బడిలో నాలుగు చలికాలాలు చదువుకున్నాను. చూసింది చూసినట్టు రాయడానికి ఆ చదువు చాలు. పోయిన ఏడాది నుంచి దేశమంతా అమ్ముడవుతున్న ఆ తల్లీకూతుళ్ల రాచపటం హార్డర్ గారు తీసిందని రైడ్‌లో కొందరు అంటున్నారు. ఏదో గుడ్డిగా కుదిరిందిలే అని మా ఊళ్లోనే కొందరు అంటున్నారు. రెండూ అబద్ధాలే.

కెజాయా తండ్రి సముద్రంలో పోయాక మా చెల్లెలు రూత్ పిల్లతో సహా నా ఇంటికి వచ్చింది. పన్నెండో ఏట పిల్లను గుడ్ల గంపలతో పాటే బండి ఎక్కించి హార్డర్ గారి దగ్గర పనిలో పెట్టాను. ఫొటో దిగే కాగితానికి ముందు తెల్లసొన పూయాలి. అందుకు వారానికి నాలుగు వందల గుడ్లు కావాలి. వెనక గదిలో ఆరుగురు ఆడపిల్లలు ముక్కాలిపీటల మీద కూర్చుని పొద్దస్తమానం గుడ్లు కొట్టి సొనలు వేరు చేసేవారు. తెల్లసొనలో పచ్చసొన ఒక్క చుక్క పడిందా, ఆ గిన్నెడూ పారబోయాల్సిందే. కెజాయా గిన్నె ఏనాడూ పారబోయలేదు. మిగిలిన పచ్చసొన కుండలకెత్తి నేను ఊరికి తెచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో ఆష్‌కూంబ్ పుడ్డింగు అంత పచ్చగా ఈ దీవిలో ఇంకెక్కడా ఉండేది కాదు. మా పాదిరిగారు రెండో ముక్క వడ్డించుకుంటూ, "ఐజక్, ఈ వారం ఎవరో గొప్పవాళ్లే దిగినట్టున్నారయ్యా పటం!" అనేవారు.

ఆ ఆరు పీటలూ నేను చేసినవే. ఎల్మ్ చెక్క. కెజాయా పీటకు ఒక కాలి పక్కన కాలిన మచ్చ ఉంటుంది. అది నా పైపు నిప్పు పడి అయింది. ఈ మచ్చను గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

పద్నాలుగో ఏట దానికి పలకల మీద నంబర్లు గీసే పని ఇచ్చారు. తీసిన ప్రతి పలక మీదా ఒక మూల సూదితో నంబరు గీకాలి. అది అద్దంలో కనిపించినట్టు తిరగరాయాలి, అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఇదివరకటి పిల్ల ఏడు రాస్తే ఏ దేశపు అంకో తెలిసేది కాదు. కెజాయా బడి పలక తీసుకుని నా గడ్డం గీసుకునే అద్దం ముందు కూర్చుంది. నెల తిరక్కుండా ప్రభువు ప్రార్థన మొత్తం తిరగరాసింది. మా చెల్లెలు హడలిపోయింది.

"ఏమిటే ఆ రాత? సైతానుకు ఉత్తరమా?"

"సైతానుకైతే ఇంత కష్టమెందుకమ్మా? ఆయన మామూలు రాతే చదువుకుంటాడు."

వెండినీళ్ల వల్ల దాని వేళ్లు కాటుకలా నల్లబడ్డాయి. సబ్బుకు పోవు, సున్నానికి పోవు. ఆదివారం ప్రార్థనకు వెళితే వెనక బెంచీ ఆడవాళ్లు గుసగుసలు. చాకలిపని చేసే మెర్సీ కాస్ ఒకసారి పైకే అనేసింది: "ఆ చేతులు చూసి నిన్నెవడు చేసుకుంటాడే?" కెజాయా వెనక్కి తిరిగి, "కాళ్లూ చేతులూ చూసి తెచ్చుకునేవాణ్ణి గుర్రాల సంతకు పొమ్మను, మెర్సీ అత్తా" అంది. పాదిరిగారు దగ్గు నటించి కీర్తన మొదలుపెట్టారు.

మన రాణిగారి ఇల్లు ఈ దీవిలోనే ఉంది గనుక, ఆవిడవీ కూతుళ్లవీ పటాలు రైడ్‌లో ప్రతి కొట్టు అద్దంలోనూ ఉంటాయి. చేపలమ్మే ఆడవాళ్లు సైతం షిల్లింగు పెట్టి ఒకటి కొనుక్కుని బైబిలు పక్కన నిలబెట్టుకుంటారు. కెజాయా ఆ అద్దాల ముందు నిలబడిపోయేది. నేను బండి మీద నుంచి కేకలేసేవాణ్ణి. తల్లి కూర్చుందా, కూతురు నిలబడిందా, ఎవరి చూపు ఎటుంది, అంతా పరీక్షగా చూసేది. "భర్త పోయాడు గనుక నల్లబట్టలు సరే మామయ్యా. తల్లీకూతుళ్లయి ఉండి ఒకళ్లనొకళ్లు ఎరగనట్టు కూర్చుంటారేమిటి?" అని అడిగేది.

ఇరవై ఏళ్లు దాటేసరికి మందు కలపడం, పలక పోయడం, కాగితం అచ్చువేయడం, రంగు తేల్చడం అన్నీ దాని చేతి మీదే నడిచేవి. హార్డర్ గారు "కదలకండి" అని కటకం మూత తీసేవారు, అంతే. పటం అంటించే అట్ట వెనక మాత్రం తీగల, కిరీటాల బొమ్మల మధ్య "ఎస్. హార్డర్, రైడ్" అని ఉండేది. 1867 వసంతంలో ఒకనాడు నేను గంపలు దించుతుండగానే కెజాయా అడిగేసింది.

"అయ్యగారూ, నా చేత్తో చేసిన పటాల వెనకైనా నా పేరు వెయ్యండి."

"నీ పేరా? గుడ్ల గంప మీద వేయిస్తాలే."

గుడ్ల పిల్లలు కిసుక్కుమన్నారు.

"గంప మా మామయ్యదండి. నేనడిగింది అట్ట సంగతి."

"అలాగా! అయితే విను. ఒక రాచపటం, నీ చేత్తో, మసక లేకుండా నిలబెట్టు. ఆ రోజే నీ పేరు అట్టెక్కుతుంది. ఏం ఐజక్, నువ్వే సాక్షివి!"

"విన్నానండి" అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ ఆగస్టులో హోల్‌మార్క్ అనే పరదేశపు రాణి లియోనీ గారు, తల్లి ఒటీలియా గారిని వెంటబెట్టుకుని సముద్రపుగాలికి రైడ్ వచ్చి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తల్లికి తుంటినొప్పి. ఆవిడ చేతివెడల్పు సంస్థానం వారింటి మనిషి. కూతురు పెద్దింటి కోడలై రాణి అయింది. కాబట్టి నలుగురిలో తల్లి కంటే కూతురే ఎక్కువ. ఈ ఒక్క ముక్క మీదే కథంతా తిరిగింది.

ఆగస్టు 22, గురువారం. గుడ్ల రోజు, వాళ్లు పటం దిగడానికి స్టూడియోకు వచ్చిన రోజు. వాళ్ల బంగారుపూత కుర్చీ మేడెక్కించడానికి మనిషి చాలక నన్ను పట్టుకున్నారు. అందుకని అంతా కళ్లారా చూశాను. బారన్ ఎల్లర్ అనే వాళ్ల దర్బారు ఉద్యోగి ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాగితం ప్రకారం రాణిగారు కూర్చోవాలి, తల్లిగారు కుడిపక్క నిలబడాలి. హార్డర్ గారు సుద్దముక్కతో నేల మీద పాదాల గుర్తులు కూడా గీశారు.

ఆ రోజు మబ్బు. మూత తీశాక పది అంకెలు లెక్కపెట్టేదాకా మనిషి కదలకూడదు. మొదటి పలకలో తల్లిగారికి రెండు తలలొచ్చాయి. రెండోదాంట్లో మూడు. మూడోసారి హార్డర్ గారు తల కదలకుండా పట్టే ఇనపకొయ్య తెచ్చి ఆవిడ మెడ వెనక పెట్టబోయారు.

"రాచమెడకు ఇనుమా!" అని బారన్ అరిచాడు. ఆ అరుపుకు అందరూ కదిలారు. మూడోదీ పోయింది.

పెద్దావిడ ముఖం నొప్పికి సున్నమైపోయింది. కూతురు కుర్చీలోంచి తలెత్తి చూస్తోంది, లేస్తే మర్యాద పోతుందని లేవడం లేదు. హార్డర్ గారు చెమటలు తుడుచుకుంటూ, "మబ్బండి, అంతా ఈ మబ్బువల్లే" అంటున్నారు. అప్పుడు కెజాయా నాలుగో తడిపలక పట్టుకుని చీకటిగదిలోంచి వచ్చింది.

"మబ్బుది కాదండి తప్పు, ఆవిడ తుంటిది. ఆవిడ్ని కూర్చోబెట్టండి."

"నోర్ముయ్!" అన్నారు హార్డర్ గారు.

"హోల్‌మార్క్ రాణి నిలబడి ఉండగా ఇంకొకరు కూర్చోవడమా?" అన్నాడు బారన్.

"అయితే ఇద్దరూ కూర్చుంటారు."

"పక్కపక్కనా? సమానమైపోరూ!"

పలక ఆరిపోతోంది. కెజాయా బారన్‌ను దాటి సూటిగా రాణిగారి ముందుకే వెళ్లింది. వాళ్లు పలకరించేదాకా మనం నోరెత్తకూడదని ఈ దేశంలో పసిపిల్లకు కూడా తెలుసు.

"రాణిగారూ, ఇంట్లో తలుపులేసుకున్నాక మీరెక్కడ కూర్చుంటారండి? అమ్మగారెక్కడ కూర్చుంటారు?"

రాణిగారు దాని నల్లటి వేళ్ల వంక చూశారు, తర్వాత ముఖం చూశారు. మన ఇంగ్లీషులోనే, కొంచెం యాసతో అన్నారు:

"అమ్మ కుర్చీలో. నేను కింద, ఆవిడ కాళ్ల దగ్గర. నా తల దువ్వేది ఇప్పటికీ అమ్మే."

"దీనికి పాపిడి తిన్నగా తీసుకోవడం ఇంకా రాలేదు" అంది పెద్దావిడ. ఆ పూట ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

కెజాయా వెనక గదిలోకి ఉరికి తన ముక్కాలిపీట తెచ్చి బంగారుకుర్చీ ముందు వేసింది. గుడ్డు వాసన గది నిండా కొట్టింది.

"బారన్ గారూ, రాణిగారు కూర్చోవాలని కదండీ మీ కాగితంలో ఉంది? కూర్చుంటారు. ఎంత ఎత్తున అని ఏమైనా రాశారా?"

బారన్ కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "రాయలేదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే రాణిగారు లేచి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తాను పీట మీద కూర్చున్నారు. హార్డర్ గారు గోడకు అంటుకుపోయారు. మూత తీసింది కెజాయాయే.

"ఊపిరి బిగబట్టకండి. కెటిల్ మరిగేదాకా చూస్తున్నట్టు ఊరికే ఉండండి. ఒకటి... రెండు..."

రెండుకూ మూడుకూ మధ్య పెద్దావిడ చెయ్యి దానంతటదే కూతురి పాపిడి మీదికి జారి అక్కడే ఆగింది. పది. మూత పడింది. పావుగంటలో పలక కడిగి తెచ్చి చూపించింది. పాపిడిలో వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. పీటకాలి పక్క కాలిన మచ్చ కూడా కనిపించింది. రాణిగారు దేశమంతా అమ్ముకోవడానికి అక్కడికక్కడే అనుమతిచ్చారు, ఒక్కటే షరతు మీద: పటంలో ఎవరి శరీరమూ, వేలైనా సరే, పాదమైనా సరే, కత్తిరించకూడదు. అది వాళ్లింటి ఆచారమట.

మర్నాడు కెజాయా మాట గుర్తుచేసింది.

"ఏ మాట?" అన్నారు హార్డర్ గారు. "తమాషాకన్నానే, పిచ్చిదానా. రాచపటం వెనక గుడ్ల పిల్ల పేరుంటే కొనేదెవరు? పో, నంబరు గియ్యి."

కెజాయా వెళ్లింది. నంబరు గీసింది: 1117. ఆ పక్కనే, రాణిగారి గౌను అంచు కింద పరిచిన తెల్లగుడ్డ మీద పడేటట్టు, తిరగరాతలో తన పేరు గీసింది: కె. ఆట్రిల్. సన్నటి గీతలే, కానీ అచ్చులో నల్లగా, స్పష్టంగా పడ్డాయి. మొదటి ప్రతి ఎండలో తేలగానే హార్డర్ గారి కేక కింద డాలీకి కూడా వినిపించింది.

"ఇదేమిటి?"

"నంబరండి."

"నంబరు పక్కన!"

"నా పేరండి. మీ మాట నిలబెట్టుకోవడానికి మీకు చోటు దొరకలేదు. నేను దొరకపుచ్చుకున్నా."

ఆయన చేయని ప్రయత్నం లేదు. కింద భాగం కత్తిరించబోతే రాణిగారి పాదాలు పోతున్నాయి, షరతు అడ్డొచ్చింది. పలక మీద రంగు పూసి పేరు కప్పితే, అచ్చులో అక్కడ తెల్లటి మరక పడింది. అది చూసి గుడ్ల పిల్ల ఒకతె, "అయ్యో, రాణిగారి కాళ్ల దగ్గర గుడ్డు పగిలిందే!" అంది. మళ్లీ తీద్దామంటే వాళ్లు శనివారం పొద్దుటి పడవకే వెళ్లిపోయారు. రంగు కడిగి, పేరుతోనే అచ్చువేయక తప్పింది కాదు. ఇప్పుడు ఇంగ్లండంతా చూసుకోండి. వెనక ఆయన పేరు, ముందు మా పిల్ల పేరు.

ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. కెజాయా బొంతకోటు వేసుకుని పీట చంకన పెట్టుకుంది.

"పీట స్టూడియోది" అన్నారు హార్డర్ గారు.

"మా మామయ్య నాకోసం చేసింది. కాదంటే రాణిగారిని అడగండి."

యూనియన్ వీధి పొడుగునా, జనం చూస్తుండగా, అది పీటతో దిగి వచ్చింది. తల వంచలేదు. నేను బండి ఆపితే, "నడుస్తాను మామయ్యా, చూడనీ" అంది. డాలీని నెమ్మదిగా వెనక తోలుకు రమ్మంది. వచ్చాం.

తర్వాతి ఏడాది సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అయినా రాస్తాను, ఎందుకంటే మరిచిపోయేవాళ్లు ఎక్కువ. నా బండిపాకకు కప్పు తీసేసి, పాదిరిగారి తోటలో దోసపాదుల మీద బోర్లించే పాత గాజుచట్రాలు తెచ్చి బిగించాం. ఈ దీవిలో ఒక ఆడది సొంతంగా నడిపిన ఫొటో పాక నాకు తెలిసి అదొక్కటే. పటానికి గుడ్లే ఇచ్చినా తీసుకునేది. అవే గుడ్లు కాగితానికి వెళ్లేవి. తల్లీకూతుళ్లు వస్తే అందరికీ ఒకటే పద్ధతి. తల్లి కుర్చీలో, కూతురు ఆ పీట మీద. మెర్సీ కాస్‌కూ కూతురికీ పెళ్లి విషయంలో ఆరేళ్లుగా మాటల్లేవు. ఇద్దరూ విడివిడిగా పటం కోసం వచ్చి పాక దగ్గర ఎదురుపడ్డారు. కెజాయా ఒక్క పలకే కడిగి పెట్టింది.

"రెండోది లేదు. కూర్చుంటే ఇద్దరూ కూర్చోండి, లేకపోతే గుడ్లు తీసుకుని వెళ్లండి."

మెర్సీ పీట వంక చూసింది. "రాణి కూర్చున్న పీట మీద నా కూతురు కూర్చుంటే, నేనెవర్నే?"

"రాణి తల్లివి. ఇక కదలకు."

ఆ పటం చర్చి గదిలో ఉంది. మెర్సీ చెయ్యి ఎక్కడుందో చూడండి. ఇప్పుడు కెజాయా వేళ్ల నలుపు గురించి మెర్సీ ఎదట ఎవరన్నా అంటే, అన్నవాళ్ల బట్టలు ఉతకదు.

ఈ జూన్‌లో హోల్‌మార్క్ నుంచి హార్డర్ గారి స్టూడియోకు ఉత్తరం వచ్చింది. రాణిగారికి ఆడపిల్ల పుట్టింది. పెద్దావిడ మంచం పట్టారు. ముగ్గురికీ ఒక పటం కావాలట. హార్డర్ గారు తానే వస్తున్నానని తిరుగుటపాలో రాశారు. ఈసారి జవాబు అటు వెళ్లలేదు. ఆష్‌కూంబ్‌కు, కె. ఆట్రిల్ పేరున వచ్చింది. బారన్ దస్తూరీ: "రాణిగారి పాదాల దగ్గర పేరున్న మనిషి రావాలి. పీట కూడా తేవాలి."

మా చెల్లెలు ఏడ్చింది. కెజాయా ఏడవలేదు, కలం తీసింది. "వస్తాను. అట్ట వెనక నా పేరుంటుంది. ఇంకెవరి పేరూ ఉండదు."

"రాణికి షరతులు పెడతావటే! కాదంటే?"

"కాదంటే పాకలో పని ఉందమ్మా."

ఆ జవాబు కోసం పదకొండు రోజులు చూశాం. కెజాయా మామూలుగానే పలకలు పోసింది. గాజు మీద చార పడటం మాత్రం ఆ రోజుల్లో రెండుసార్లు చూశాను. పన్నెండో రోజు ఒక్క వాక్యం వచ్చింది: "అట్టలు అచ్చువేయించుకుని తెచ్చుకోండి." న్యూపోర్ట్‌లో అచ్చువేయించి నేనే మోసుకొచ్చాను. తీగలు లేవు, కిరీటాల్లేవు. "కె. ఆట్రిల్, ఆష్‌కూంబ్." అంతే.

ఆగస్టు 31న, సోమవారం, దాన్ని పడవ ఎక్కించాను. మందుసీసాల పెట్టె, గాజు పెట్టె, గోనెగుడ్డలో చుట్టిన పీట. హార్డర్ గారు రేవు దగ్గరి సత్రంలో బీరు తాగుతూ, ముసలావిడ అప్పటిదాకా బతకదు, పిల్ల ఖాళీ గాజుతో తిరిగొస్తుంది అన్నారట. నిన్న కెజాయా ఉత్తరం వచ్చింది. అక్షరం పోకుండా ఎత్తి రాస్తున్నాను:

"మామయ్యా, పెద్దావిడ లేవలేరు. మంచం మీద దిండ్లు ఎత్తు పెట్టి తీశాను. రాణిగారు పీట మీద, బిడ్డ ఒళ్లో. పెద్దావిడ చెయ్యి కూతురి పాపిడి మీద. బిడ్డ కదిలింది, మన డాలీలాగే రెండు ముక్కులొచ్చాయి. ఇంకోటి తీస్తానంటే పెద్దావిడ వద్దన్నారు, ఇదే కావాలన్నారు. అట్ట తిప్పి నా పేరు పైకే చదివించుకున్నారు. పలక నిలిచింది."

అనుమానం ఉన్నవాళ్లు రైడ్ రేవుకు రండి. హార్డర్ గారు కూడా రావచ్చు, నా బండిలో చోటిస్తాను. డాలీకి కొత్త లాడాలు వేయించాను, మంచు కురిసే నెల కూడా కాదు, ఆలస్యం కాను. అట్టలు చేతికిస్తాం, ముందూ వెనకా తిప్పి చూసుకోండి. కెజాయా దిగేది సౌతాంప్టన్ నుంచి వచ్చే సాయంత్రం పడవలో. అక్టోబరు తొమ్మిది, శుక్రవారం.